రెండు సిట్టింగులయ్యాయి, నొప్పి ఇంకా పెరిగింది... మానేయమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 46. టీచర్ని, రోజంతా నిలబడే ఉంటాను. తొమ్మిది నెలలుగా కుడి మడమ నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. నాలుగడుగులు వేశాక కాస్త నయం, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఎక్స్‌రే తీసి మడమలో ఎముక ముల్లులా పెరిగిందన్నారు. మాత్రలు వాడాను, మెత్తటి చెప్పులు మార్చాను. ఐదు నెలల కిందట మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. రెండు నెలలు హాయిగా ఉంది, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు షాక్‌వేవ్ థెరపీ వారానికొకటి చొప్పున ఐదు సిట్టింగులు అన్నారు. రెండయ్యాయి. రెండో దాని తర్వాత రెండు రోజులు కాలు కింద పెట్టలేకపోయాను, మూడో రోజుకి సర్దుకుంది. షాకులు పెట్టించుకుంటే నరాలు చచ్చుబడతాయని మా స్టాఫ్‌రూమ్‌లో అంటున్నారు. పెరిగిన ఎముకని యంత్రంతో పగలగొడతారని ఇంకొకరు చెప్పారు. భయంగా ఉంది. మానేయమంటారా? మా తమ్ముడికి భుజంలో కాల్షియం పేరుకుందట, అమ్మకి మోకాళ్లు అరిగాయి. మంచిదైతే వాళ్లకూ చేయించాలని ఉంది.

సమాధానం:

అమ్మా, మానేయకండి. షాక్‌వేవ్ చేయించుకున్నాక ఒకటి రెండు రోజులు ఆ చోట సలపడం, ఎర్రబడటం, కొద్దిగా కమిలినట్టు కనిపించడం తరచూ చూసేవే. మీకు మూడో రోజుకి సర్దుకుంది కాబట్టి దాని గురించి నాకు బెంగ లేదు. అయితే మూడో సిట్టింగుకి వెళ్లేలోపు రెండు సంగతులు తేల్చుకోండి. మీ నొప్పికి మూలం ఏమిటని నిర్ధారించారు? మీ మడమకు వాడుతున్నది ఏ రకం యంత్రం? ఇంత వివరంగా రాసిన మీరు ఈ రెండూ రాయలేదంటే ఎవరూ మీకు చెప్పి ఉండరు. మీ భయాలన్నీ అక్కణ్నుంచే పుట్టాయనిపిస్తోంది.

ముందు ఆ పేరు సంగతి. మనకి షాక్ అనగానే కరెంటు గుర్తొస్తుంది. తడిచేత్తో స్విచ్చు ముట్టుకుంటే కొట్టేది షాక్. మీ స్టాఫ్‌రూమ్‌లో వాళ్లు భయపడటంలో తప్పు లేదు, పేరే అలా ఉంది. కానీ ఈ చికిత్సలో మీ ఒంట్లోకి కరెంటు చుక్కంత కూడా పోదు. ఇది ధ్వనికి సంబంధించింది. దగ్గర్లో పిడుగు పడితే కిటికీ అద్దాలు అదురుతాయి కదా, ఆ అదురు గాలిలో వచ్చిన ఒత్తిడి తరంగం వల్ల కలిగేది. అసలైన షాక్‌వేవ్ కూడా అలాంటి తరంగమే, కాకపోతే నీటిలాంటి మెత్తటి కణజాలంలో ప్రయాణిస్తుంది. అది ఎంత వేగంగా పుంజుకుంటుందంటే, కొన్ని నానోసెకన్లలో వందల బార్‌ల ఒత్తిడికి చేరి, సెకనులో లక్షో వంతు గడిచేసరికి అణిగిపోతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్‌లకు కాస్త అటూ ఇటూ. ఆ లెక్కన ఇది చాలా పెద్ద ఒత్తిడే, కానీ నిలబడే సమయం అత్యల్పం కాబట్టి కణజాలాన్ని చీల్చదు, ఒక్కసారి గట్టిగా తట్టి వదిలేస్తుంది.

ఎముకని పగలగొడతారన్న మాట ఎక్కడిదో కూడా చెబుతాను, ఎందుకంటే దాని వెనక నిజమైన కథే ఉంది. డోర్నియర్ అనే జర్మన్ విమానాల కంపెనీ ఇంజినీర్లు, మహా వేగంతో ఎగిరే విమానానికి వాన చినుకు తగిలితే లోహంలో ఏం జరుగుతుందో పరీక్షిస్తూ ఈ తరంగాల వెంట పడ్డారు. ఆ పరిశోధన చివరికి వైద్యం వైపు మళ్లింది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ అనే వైద్యుడి బృందం మొదటిసారి ఒక రోగి కిడ్నీలో రాయిని కోత లేకుండా, బయటి నుంచే ఈ తరంగాలతో పొడి చేసింది. అప్పటి నుంచి రాళ్లు పగలగొట్టే యంత్రంగానే దీనికి పేరు. తర్వాత ఈ తరంగాలు ఎముకల మీద ఏం చేస్తాయో చూడబోతే, అవి ఎముకని చెడగొట్టే బదులు అతుక్కునేలా పురికొల్పుతున్నాయని తేలింది. 1991లో బల్గేరియా వైద్యులు వాల్చనౌ, మిఖైలోవ్ నెలల తరబడి అతకని ఎముకలున్న 82 మందికి ఈ చికిత్స చేసి, 70 మందిలో అతుక్కున్నాయని ప్రచురించారు. పోల్చి చూడటానికి చికిత్స ఇవ్వని మరో గుంపు లేదు కాబట్టి ఆ అంకెను వేదవాక్కుగా తీసుకోకూడదు. ఆ తర్వాత ఇది నెమ్మదిగా మడమకీ భుజానికీ మోచేతికీ వచ్చింది. 2000లో అమెరికాలో మందులకూ వైద్య యంత్రాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ మొండి మడమ నొప్పికి మొదటి షాక్‌వేవ్ యంత్రాన్ని అనుమతించింది.

మీ మడమలో ముల్లు అయితే పగలదు, పగలాల్సిన అవసరమూ లేదు. నొప్పి పూర్తిగా పోయినవాళ్లకు మళ్లీ ఎక్స్‌రే తీస్తే ముల్లు అక్కడే ఉంటుంది. ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ల మడమల్లోనూ అలాంటి ముళ్లు కనిపిస్తాయి. ఎక్స్‌రేలో తెల్లగా, కొక్కెంలా కనపడేసరికి అదే దోషి అని మనకి గట్టిగా అనిపిస్తుంది. నొప్పి పుట్టేది సాధారణంగా దాని పక్కన, ఎక్స్‌రేలో కనపడని చోట. మడమ ఎముక అడుగు నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద విల్లుకి కట్టిన నారిలా ఒక గట్టి పట్టీ సాగి ఉంటుంది. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. అది మడమ ఎముకని పట్టుకునే చోట రోజూ లాగుడు ఎక్కువై, సూక్ష్మంగా చిరిగి, చిరిగింది సరిగా మానక మందంగా తయారవుతుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తే 4 మిల్లీమీటర్లు దాటి కనిపిస్తుంది. రాత్రంతా పాదం వాలి ఉండి పట్టీ ముడుచుకుపోతుంది, పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగుతుంది. మీ ప్రాణం విలవిల్లాడేది అందుకే. నాలుగడుగులయ్యాక పట్టీ వదులై నొప్పి తగ్గడం, రోజు గడిచేకొద్దీ భారం పడి మళ్లీ రావడం, మీరు రాసిన ఈ తీరంతా దానికి సరిగ్గా సరిపోతోంది.

తొమ్మిది నెలల నొప్పిలో వాపు పాత్ర పెద్దగా ఉండదు. మొదటి వారాల్లో కొంత వాపు ఉంటే ఉండొచ్చు. ఇంతకాలం అయ్యాక అక్కడ మిగిలేది మానడం మధ్యలో ఆగిపోయిన కణజాలం. పీచులు చిందరవందరగా ఉంటాయి, మరమ్మతు నిలిచిపోయి ఉంటుంది. వాపు తగ్గించే మాత్రలు మీకు పెద్దగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఇంజెక్షన్ రెండు నెలలు హాయినిచ్చి వెనక్కి తిరగడమూ అనుకోనిదేం కాదు. స్టెరాయిడ్ నొప్పిని త్వరగా అణచగలదు, ఆగిపోయిన మరమ్మతుని మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. పదే పదే చేయించుకుంటే పట్టీ తెగిపోయే ప్రమాదం ఉంది, మడమ కింద దిండులా ఉండే కొవ్వు కూడా పలచబడుతుంది. ఇంకొకటి చేస్తామంటే ఇప్పుడు వద్దని చెప్పండి.

షాక్‌వేవ్ చేసే పని ఆ ఆగిన మరమ్మతుని తట్టి లేపడం. తరంగాల తాకిడిని కణాలు గ్రహించి రసాయన సంకేతాలు వదులుతాయి. కొత్త రక్తనాళాలు మొలవడానికి పురికొల్పే పదార్థాలు పెరిగినట్టు జంతువుల మీద చేసిన పరిశోధనల్లో స్పష్టంగా చూశారు. నొప్పిని మోసే సన్నటి నరాల చివర్లలో ఉండే సబ్‌స్టెన్స్ పి అనే రసాయనం తగ్గుతుందని కూడా ఆ పరిశోధనల్లోనే కనపడింది. అంటే నొప్పి తెలిపే సన్నటి నరాల జోరు కొంత తగ్గుతుంది, అంతేగాని కాలిని కదిలించే నరాలు చచ్చుబడవు. మీ స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట చెప్పండి.

ఈ పని నెమ్మదిగా సాగేది. రక్తనాళాలు ఏర్పడాలి, పీచు కొత్తగా అల్లుకోవాలి. అందుకే పరిశోధకులు కూడా ఫలితాన్ని చివరి సిట్టింగు అయ్యాక దాదాపు 12 వారాలకు కొలుస్తారు. రెండో వారంలో ఉన్న మీరు ఇది పనిచేయలేదని తేల్చడం, నారు పోసిన వారానికి కోతకి వెళ్లడం లాంటిది.

అలాగని ఇది తప్పకుండా పనిచేస్తుందని మీకు మాటివ్వను. 2002లో ఆస్ట్రేలియాలో, 2003లో జర్మనీలో జరిగిన రెండు మంచి అధ్యయనాల్లో, నిజమైన చికిత్స తీసుకున్నవాళ్లకీ, పోల్చి చూడటానికి చేసినట్టు నటించే ఉత్తుత్తి చికిత్స తీసుకున్నవాళ్లకీ మడమ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత 2015లో, కనీసం ఆరు నెలలుగా నొప్పితో ఉండి ఇతర చికిత్సలకు లొంగని 250 మంది మీద జరిగిన అధ్యయనంలో 12 వారాల తర్వాత చికిత్స తీసుకున్నవాళ్లలో నొప్పి స్కోరు 69.2 శాతం తగ్గింది, ఉత్తుత్తి చికిత్స వాళ్లలో 34.5 శాతం తగ్గింది. ఈ రెండో అంకెను కూడా చూడండి. ఏమీ చేయని యంత్రంతో కూడా మూడో వంతు నొప్పి తగ్గిందంటే, కాలం మాన్పేది కొంత, నమ్మకం మాన్పేది కొంత ఉందన్నమాట. మిగతా తేడా మాత్రం చికిత్సదే, అది చిన్నది కాదు.

పాత అధ్యయనాలకీ దీనికీ ఎందుకింత తేడా? రెండు కారణాలు నాకు బలంగా కనిపిస్తాయి. ఆస్ట్రేలియా అధ్యయనంలో ఆరు వారాల నొప్పి ఉన్నవాళ్లని కూడా చేర్చారు. అంత కొత్త నొప్పి ఎలాగూ చాలావరకు తగ్గే దారిలో ఉంటుంది. జర్మనీ అధ్యయనంలో మడమని మత్తు ఇంజెక్షన్‌తో మొద్దుబార్చి తరంగాలు పంపారు. 2005లో యాన్-డిర్క్ రోంపె అనే జర్మన్ వైద్యుడి బృందం మత్తుతోనూ మత్తు లేకుండానూ చేసి పోల్చింది. మత్తిచ్చి చేసినవాళ్లలో ఫలితం స్పష్టంగా తక్కువ. కాబట్టి మీకు మత్తు ఇంజెక్షన్ ఇవ్వకుండా చేస్తున్నారంటే నిర్లక్ష్యం అనుకోకండి, సరిగ్గా చేస్తున్నారు. నొప్పి తెలిస్తేనే అసలు చోటు ఎక్కడో మీరు చెప్పగలరు. వేలితో నొక్కితే ప్రాణం లేచివచ్చే బిందువు ఒకటి ఉంటుంది, సాధారణంగా మడమ అడుగున లోపలి వైపు. యంత్రం మొన అక్కడే పెట్టాలి. అది పక్కకి జరిగిందనిపిస్తే నోరు తెరిచి చెప్పండి. అలాగని పళ్లు బిగించి భరించాల్సిన పనీ లేదు. తక్కువ తీవ్రతతో మొదలుపెట్టి, మీరు తట్టుకునేకొద్దీ పెంచుకుంటూ పోవాలి. రెండోసారి మీరు రెండు రోజులు కాలు కింద పెట్టలేకపోయారంటే తీవ్రత ఒకేసారి ఎక్కువ పెంచారేమోనని నా అనుమానం. ఈసారి వెళ్లగానే ఆ మాట చెప్పండి, కాస్త తగ్గించి మొదలుపెడతారు.

ఇప్పుడు యంత్రం సంగతి. షాక్‌వేవ్ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు వాడుకలో ఉన్నాయి. ఒకటి ఫోకస్డ్. భూతద్దం ఎండని ఒక చుక్క మీదకి తెచ్చినట్టు, ఇది తరంగాల శక్తిని చర్మం లోపల ఎంచుకున్న లోతులో ఒకచోటికి చేరుస్తుంది. అదే నిజమైన షాక్‌వేవ్. రెండోది రేడియల్. పిడిలో ఒక చిన్న లోహపు ముక్కని గాలి ఒత్తిడితో తోస్తే అది వెళ్లి మొనకి కొట్టుకుంటుంది, టకటకటకమని శబ్దం వస్తుంది. దీని శక్తి చర్మం దగ్గర ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ చెదిరి తగ్గిపోతుంది. మూడు, నాలుగు సెంటీమీటర్ల లోతు దాటి పెద్దగా పనిచేయదు. భౌతికశాస్త్రం ప్రకారం దాన్ని షాక్‌వేవ్ అనకూడదు, ఒత్తిడి తరంగం అనాలి. మీకు పిడి చర్మానికి ఆనించి గట్టిగా టకటక కొట్టినట్టు చేస్తుంటే అది బహుశా రేడియల్ అయ్యుంటుంది. అదేమీ నాసిరకం అనుకోకండి. మడమ పట్టీ అంత లోతులో ఉండదు, రేడియల్‌తో కూడా మొండి మడమ నొప్పిలో మంచి ఫలితం చూపిన అధ్యయనం 2008లో వచ్చింది. లోతుగా ఉన్న అతకని ఎముకకు రేడియల్ వాడతామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

నొప్పి మూలం సంగతి ఇంకా మిగిలి ఉంది. మీరు రాసిన లక్షణాలు పట్టీ నొప్పికే సరిపోతున్నా, ఉత్తరం చదివి కాలు చూసినట్టు కాదు. అరికాల్లో మంటలు, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉంటే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. మడమని రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే గట్టిగా నొప్పి వస్తే ఎముకలో సన్నటి పగులు ఉందేమో చూడాలి. రాత్రిళ్లు పడుకున్నా నొప్పి వదలకపోయినా, జ్వరం, బరువు తగ్గడం లాంటివి తోడైనా వెంటనే పరీక్ష చేయించాలి. రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దున లేచాక నడుము అరగంటకు పైగా బిగుసుకుపోయే వాళ్లకి అసలు జబ్బు వెన్నెముకది కావొచ్చు, వాళ్ల మడమకు ఎన్ని సిట్టింగులు చేసినా దండగే. సుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే తప్పకుండా చెప్పండి, ఎందుకంటే పాదంలో స్పర్శ తగ్గిన వాళ్లకి తీవ్రత ఎంత పెంచారో తెలియదు.

కొందరికి ఈ చికిత్స చేయకూడదు. రక్తం గడ్డకట్టని జబ్బున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పి తీరాలి. గర్భిణులకు, తరంగాలు పడే చోట కణితి గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉన్నవాళ్లకు చేయరు. ఎదిగే పిల్లల ఎముకల చివర్ల మీద, ఊపిరితిత్తుల మీదుగా, తల, వెన్నుపాము ఉన్న వైపు బలమైన ఫోకస్డ్ తరంగాలు పంపకూడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసిన చోట కొన్ని వారాలు ఆగాలంటారు, మీది ఐదు నెలల కిందటిది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒక్కచోట కూడా వ్యాయామం అన్న మాట లేదు. మాత్రలు, చెప్పులు, ఇంజెక్షన్, యంత్రం, అన్నీ బయటి నుంచి మీకు చేసేవే. యంత్రం మరమ్మతుని మొదలుపెట్టగలదు, కానీ కొత్తగా అల్లుకునే పీచు ఏ దిక్కున అల్లుకోవాలో, ఎంత బరువు మోయాలో నేర్పేది దాని మీద పడే సాగదీత, భారం. ఈ మాట ఊరికే అనడం లేదు. 2010లో రోంపె బృందమే, నొప్పి మొదలై ఆరు వారాలు దాటని వాళ్లలో పట్టీని సాగదీసే వ్యాయామాన్ని రేడియల్ షాక్‌వేవ్‌తో పోల్చింది. వ్యాయామమే గెలిచింది. పిక్క కండరాన్ని మడమకి కలిపే తాడులాంటి అకిలీస్ టెండన్ నొప్పిలో అయితే, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకన్నా వ్యాయామంతో పాటు షాక్‌వేవ్ తీసుకున్నవాళ్లకు మేలు జరిగింది. మీ మడమకూ రెండూ కలిపి చేద్దాం.

రేపు పొద్దున మంచం దిగకముందే చేయండి. అంచున కూర్చుని, కుడి కాలిని ఎడమ మోకాలి మీద వేసుకోండి. కాలి వేళ్లన్నీ కుడిచేత్తో పట్టుకుని, అరికాలి పట్టీ తీగలా బిగుసుకునే దాకా పాదం పైకి, మీ వైపు వంచండి. ఎడమచేతి బొటనవేలితో అరికాలు తడిమితే ఆ బిగువు తెలుస్తుంది. 10 సెకన్లు ఉంచి వదలండి. ఇలా 10 సార్లు. రోజుకి మూడు పూటలు, అన్నిటికన్నా ముఖ్యం మొదటి అడుగుకి ముందు చేసేది. ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడూ చేయండి.

చివరి సిట్టింగు అయిపోయి, తర్వాతి నొప్పి అణిగాక రెండో వ్యాయామం మొదలుపెట్టండి. దీన్ని డెన్మార్క్‌లో మైకేల్ రాత్‌లెఫ్ బృందం 2014లో పరీక్షించింది. ఒక మెట్టు అంచున నిలబడి, కాలి వేళ్ల కింద చుట్టిన తువాలు పెట్టుకుని, మడమ గాల్లో ఉండేలా చూసుకోవాలి. మూడు సెకన్లు లెక్కపెడుతూ మడమ పైకి లేపాలి, రెండు సెకన్లు అక్కడే నిలపాలి, మూడు సెకన్లలో కిందికి దించాలి. రోజు విడిచి రోజు చేస్తే చాలు. వాళ్లు ఒంటికాలిపై చేయించారు, మీరు మొదట రెండు కాళ్ల మీద చేసి, అలవాటయ్యాక నొప్పి కాలి మీద ఒక్కదాని మీదే చేయండి. గోడో రెయిలింగో పట్టుకోండి. సాగదీత మాత్రమే చేసినవాళ్లకన్నా వీళ్లు మూడు నెలల దగ్గర మెరుగ్గా ఉన్నారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా ఉన్నారనుకోండి, కానీ రోజూ నిలబడి పనిచేసే మనిషికి ముందుగా వచ్చే ఆ ఊరట చాలా విలువైనది.

సిట్టింగు అయిన రోజూ మర్నాడూ ఎక్కువసేపు నిలబడకండి. వీలైతే సెలవుకి ముందు రోజు సాయంత్రం చేయించుకోండి. క్లాసులో ఎత్తు స్టూలు అడగండి, సిగ్గుపడకండి. నొప్పి ఎక్కువగా ఉంటే పారాసెటమాల్ వేసుకోవచ్చు. వాపు తగ్గించే బిళ్లలు ఈ వారాల్లో వద్దని చాలామంది వైద్యులు చెబుతారు, మనం లేపాలనుకున్న స్పందననే అవి అణచివేస్తాయేమోనని. నేనూ అదే అంటాను.

మీ తమ్ముడి సంగతి వేరు. భుజంలో టెండన్ లోపల కాల్షియం పేరుకుంటే, అక్కడ షాక్‌వేవ్‌కు కొంత గట్టి ఆధారమే ఉంది. 2003లో 144 మందిని మూడు గుంపులుగా చేసి చూశారు. ఎక్కువ శక్తి తీసుకున్నవాళ్లు తక్కువ శక్తి తీసుకున్నవాళ్లకన్నా బాగుపడ్డారు, ఆ తక్కువ శక్తివాళ్లు ఉత్తుత్తి చికిత్స వాళ్లకన్నా బాగుపడ్డారు. కాబట్టి అక్కడ ఫోకస్డ్ యంత్రమే కావాలి, శక్తి కూడా తగినంత ఉండాలి. కాల్షియం కిడ్నీ రాయిలా పొడై రాలదు, శరీరమే దాన్ని నెమ్మదిగా పీల్చేసుకుంటుంది. అయితే 2020లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి బేరీజు వేసిన కాక్రేన్ అనే పరిశోధకుల సంస్థ సమీక్ష, సగటున కనిపించే మేలు అంత పెద్దదేం కాదని తేల్చింది. ఇంకో సంగతి, ఈ కాల్షియం చాలామందిలో తనంతట తానే కరిగిపోతుంది. కరిగే రోజుల్లో భుజం హఠాత్తుగా భరించలేనంత నొప్పి పెడుతుంది. అలాంటి దశలో ఉంటే యంత్రం జోలికి పోకుండా నొప్పి తగ్గించుకుంటూ ఆగమనండి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో ఆ కాల్షియాన్ని కడిగి తీసే పద్ధతి కూడా ఉంది, దాని గురించీ ఆయన వైద్యుణ్ని అడగాలి.

అమ్మగారికి మాత్రం ఇప్పుడు వద్దు. మోకాలి అరుగుదలలో నొప్పి కొంత తగ్గిందని చెప్పే చిన్న చిన్న అధ్యయనాలున్నాయి, కానీ అరిగిన మృదులాస్థిని షాక్‌వేవ్ తిరిగి మొలిపిస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. ఆ మాట చెప్పి సిట్టింగులు అంటగడితే ఒప్పుకోకండి. తొడ ముందు కండరం బలపడే వ్యాయామాలు, నడక, బరువు ఎక్కువుంటే కొంత తగ్గడం, ఈ మూడింటికీ ఉన్నంత ఆధారం మోకాలి విషయంలో ఈ యంత్రానికి లేదు.

మీ మడమ విషయంలో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. రోజూ పొద్దున మొదటి అడుగు నొప్పికి సున్నా నుంచి పది మధ్య ఒక అంకె వేయండి. మధ్యలో ఎక్కువా తక్కువా అవుతుంది, ఆ ఒక్కో రోజుని పట్టుకుని దిగులు పడొద్దు. ఐదో సిట్టింగు అయిన 12 వారాలకు మొదటి వారం అంకెలూ చివరి వారం అంకెలూ పక్కపక్కన పెట్టండి. సగానికి సగం తగ్గి ఉంటే యంత్రం పని అయిపోయింది, మెట్టు మీద వ్యాయామం ఇంకో మూడు నెలలు సాగించండి. కదలకుండా అక్కడే ఉంటే మరో ఐదు సిట్టింగులు అన్నా ఒప్పుకోకండి. ముందు అల్ట్రాసౌండో ఎమ్మారైయో తీయించి, అది నిజంగా పట్టీ నొప్పేనా అని మళ్లీ మొదటి నుంచి చూడమని అడగండి. ఆ అంకెలు నాకూ రాయండి, ఎదురుచూస్తుంటాను.